బూడిద చెరువు పక్కన కొంగల తోపు

పెళ్లయిన కొత్తలో మా ఆయన నన్ను కరెంటు ప్లాంటు కాలనీకి తీసుకొచ్చేసరికి క్వార్టర్ కొన్నాళ్లుగా మూసి ఉంది. తలుపు తీసి లోపలికి అడుగు పెడితే నా పాదం ముద్ర నేల మీద పడింది. కిటికీలన్నీ బిగించే ఉన్నాయి. అయినా గచ్చు మీద, పొయ్యి గట్టు మీద, ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు వాడుకున్న గిన్నెల్లో సన్నటి బూడిద పేరుకుని ఉంది.

“నాలుగు రోజులుంటే అలవాటవుతుందిలే,” అన్నారాయన.

ఆయన ఉద్యోగం బూడిద విభాగంలోనే. బొగ్గు కాలగా మిగిలిన బూడిదను నీళ్లలో కలిపి గొట్టాల గుండా చెరువులోకి పంపే పని. ఆ చెరువు కాలనీకి పడమటి వైపున ఉండేది. వానాకాలంలో చూసినవాళ్లు మామూలు చెరువే అనుకుంటారు. ఎండాకాలంలో నీళ్లింకి, బూడిద పైకి తేలి, పడమటి గాలి లేచిందంటే మిట్టమధ్యాహ్నం ఇళ్లల్లో లైట్లు వేసుకోవాల్సిందే.

నేను పుట్టి పెరిగింది అదే రాయచూరు జిల్లాలో, జవళగేర దగ్గరి క్యాంపులో. తుంగభద్ర కాలువ వచ్చాక గోదావరి వైపు నుంచి వచ్చి భూములు కొన్న రైతుల ఊళ్లను అక్కడ క్యాంపులంటారు. మా నాన్న అక్కడికి వచ్చి మొట్టమొదట చేసిన పని పొలంలో ఉన్న చెట్లన్నీ కొట్టించడం. నీడ పడితే వరి పండదని. నా చిన్నప్పుడు ఇంటి చుట్టూ కనుచూపు మేర వరే. కొంగ వాలాలంటే కరెంటు స్తంభం తప్ప మరో దిక్కు లేదు. కాలేజీలో నేను వృక్షశాస్త్రం తీసుకుంటానంటే, చెట్ల చదువు దేనికని మా నాన్న నవ్వారు.

ఆ చదువు వల్లే నాకు ప్లాంటు తోటల విభాగంలో పని దొరికింది. పర్మినెంటు కాదు, కాంట్రాక్టు. సూపర్‌వైజరని పిలిచేవాళ్లు. బూడిద చెరువుకూ కాలనీకీ మధ్య పొడవాటి పట్టీలాంటి ఖాళీ జాగా ఒకటి ఉండేది. గాలిని, బూడిదను ఆపడానికి అక్కడ చెట్లు పెంచాలి. నాకు ముందున్నవాళ్లు అందులో నీలగిరి, సుబాబుల్ వరసగా నాటి వెళ్లారు. తొందరగా పెరుగుతాయని. పెరిగాయి కూడా. నేను చేరిన ఏడాది వేసవి చివర్లో పెద్ద గాలివాన వచ్చి నీలగిరి చెట్లను సగానికి సగం విరిచి పడేసింది. మిగిలినవాటి కింద నుంచి బూడిద యథేచ్ఛగా వచ్చేది. పైన ఆకు, కింద ఒట్టి మాను. గాలికి అడ్డమేముంది?

అప్పటి తోటల ఆఫీసరు రిటైరయ్యే వయసులో ఉన్న మనిషి. ఏం చేసినా తనను ఇబ్బంది పెట్టకపోతే చాలనుకునే రకం. “నీ ఇష్టమమ్మా, నీకేది బతుకుతుందనిపిస్తే అది నాటు,” అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఆ పట్టీనంతా మార్చేశాను. చెరువు వైపు అంచున రేగు, బలుసు పొదలు. వాటి వెనక కానుగ, వేప. నడిమధ్యలో నల్లతుమ్మ, చింత, నేరేడు. గాలి నేల నుంచే మెట్టు మెట్టుగా పైకెక్కి పోవాలని నా ఆలోచన. కాలనీ వైపు అంచున అంతకుముందే ఉన్న పాత నల్లతుమ్మలను ముట్టుకోనివ్వలేదు. రాలిన ఆకును ఊడవనివ్వలేదు. ఎండి నిలబడిన మోడును కూడా కొట్టనివ్వలేదు. అందులో చిలకలు కాపురం పెట్టాయి.

నాతో పనిచేసింది కూలీల మేస్త్రమ్మ. గబ్బూరు రోడ్డు మీది ఒక పల్లె ఆమెది. నాకంటే బాగా పెద్దది, గట్టి గొంతు, గట్టి చేతులు. పదిమంది ఆడవాళ్లను వెంటేసుకుని పొద్దున్నే ప్లాంటు లారీలో దిగేది. నేను చేసే పనులు ఆమెకు వింతగా ఉండేవి.

“ఆకు ఊడ్వొద్దంటవు, మోడు కొట్టొద్దంటవు. గిట్లయితె మాకు పనేముంటది బిడ్డా?” అనేది.

“నీళ్లు పోయండి. అదే పెద్ద పని.”

“పోస్తమమ్మా. నీళ్లు పోసుడు మాకు కొత్తనా ఏంది?”

రోజూ వచ్చే ట్యాంకరు నీళ్ల మీదే, ఆ ఆడవాళ్ల బిందెల మీదే ఆ తోపు బతికింది. కొన్నేళ్లకు అది నిజంగా తోపయింది. కుందేళ్లు వచ్చాయి. రేగు పొదల కింద కౌజు పిట్టలు పిల్లల్ని తిప్పేవి. ముంగిసలు చెరువు గట్టు మీద దర్జాగా నడిచేవి. వేసవిలో ఇళ్లల్లోకి వచ్చే బూడిద పూర్తిగా ఆగలేదు కాని, పగలు లైట్లు వేసుకునే రోజులు పోయాయి. దాని గురించి కాలనీలో ఎవరూ మాట్లాడింది లేదు. ఇంట్లోకి రాని బూడిదను ఎవరు గమనిస్తారు?

ఒక వానాకాలం మొదట్లో పాత నల్లతుమ్మల మీద కొంగలు వాలాయి. సాయంత్రం వాలి పొద్దున్నే వెళ్లిపోతాయనుకున్నాను. వెళ్లలేదు. పుల్లలు తెచ్చి గూళ్లు కట్టాయి. ఆ మరుసటి ఏడు వాటితో నీటికాకులు వచ్చాయి, పగలంతా కునికి పొద్దుగూకాక వేటకెళ్లే బూడిదరంగు కొంగలు వచ్చాయి. పక్కనే కృష్ణా నది, ఆ పైన వరి మళ్లు. తిండికి కొదవ లేదు. ముళ్ల చెట్టు కాబట్టి పిల్లి ఎక్కదు, మనిషి ఎక్కడు. ఇంకో రెండు వానాకాలాలు తిరిగేసరికి తుమ్మల మీద ఆకు కంటే గూళ్లే ఎక్కువ కనిపించేవి. నేను మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని అక్కడే కూర్చునేదాన్ని. తల్లి వాలిందంటే చెట్టు మొత్తం అరిచేది.

అయితే ఆ తుమ్మల వరస మా క్వార్టర్ల వీధికి మరీ దగ్గర. కొమ్మలు కొన్ని దాబాల మీదికి వంగి ఉండేవి. పక్షులున్నచోట రెట్ట ఉంటుంది. రెట్టతోపాటు సగం అరిగిన చేపలు, గూటి నుంచి జారి చచ్చిన పిల్లలు. వానకు తడిసి ఎండ కాస్తే ఆ వాసన అన్నం ముందు కూర్చోనిచ్చేది కాదు. ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి. నాకూ ఉతుక్కోవాల్సి వచ్చేది. కాలనీవాళ్లు చెప్పినవి అబద్ధాలని నేను ఏ రోజూ అనలేదు.

అందరికంటే ఎక్కువ బాధపడింది మా పక్క క్వార్టరావిడ. నేను ఆమెను వదినా అని, ఆమె నన్ను వదినా అని పిలుచుకునేవాళ్లం. వాళ్లాయన కంట్రోల్ రూములో ఆపరేటరు. గుంటూరు వైపు మనుషులు. మా మొదటి కాన్పు కడుపులోనే పోయినప్పుడు పది రోజులు మా వంట ఆవిడే వండింది, నా తల ఆవిడే దువ్వింది. ఆమెకు అప్పుడే నడక నేర్చిన కూతురు ఉండేది. దాబా మీద ఆడుకుంటుంటే ఒకరోజు చచ్చిన కొంగపిల్ల ఆ పాప పక్కనే పడింది. పాప దాన్ని చేత్తో పట్టుకుని కిందికి తెచ్చింది.

“నువ్వే చెప్పు వదినా, ఇలా ఎన్నాళ్లు? ఎవరైనా చేసేది పిల్లల కోసమేగా,” అంది వదిన.

“దసరా దాకా ఓపిక పట్టండి. అప్పటికి పిల్లలు ఎగిరిపోతాయి. చలికాలంలో మనవైపు కొమ్మలన్నీ నేనే దగ్గరుండి కొట్టిస్తాను. లోపలివైపు తుమ్మలు గుబురుగా ఎదుగుతున్నాయి. వచ్చే ఏడు గూళ్లు అక్కడ కట్టుకుంటాయి.”

“దసరా అంటే ఇంకా శ్రావణమే వచ్చిందిగా.” ఆమె పాపను చంకనేసుకుని వెళ్లిపోయింది. వారం తిరక్కుండా వీధివాళ్లందరూ కలిసి ఎస్టేటు ఆఫీసరు దగ్గరికి వెళ్లారు. ముందు నడిచింది వదినే.

కాలనీ బాగోగులు చూసే ఎస్టేటు ఆఫీసరు అప్పుడే కొత్తగా వచ్చాడు. పాత తోటల ఆఫీసరు రిటైరయ్యాక తోటలూ అతని కిందికే వచ్చాయి. రాయచూరు టౌనువాడు. తెలుగు, కన్నడ, ఉర్దూ ఏది మొదలుపెడితే దాంట్లో మాట్లాడేవాడు. గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నన్ను పిలిపించి కుర్చీ వేయించి టీ తెప్పించాడు. నేను చలికాలం సంగతి, లోపలి తుమ్మల సంగతి, గూళ్లలో ఇప్పుడు పిల్లలున్న సంగతి చెప్పాను. అంతా విన్నాడు.

“నోడమ్మా, చూడు, నాకు కూడ పక్షులంటె ఇష్టమే. మా ఇంట్ల పావురాలున్నయ్. నువ్వు చెప్పినట్లనే చేద్దాం. ఫికర్ చేయకు.”

నేను ఆ మాట నమ్మి ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన పేపరు చదువుకుంటూ “మంచిదేగా,” అన్నారు.

అప్పుడు ప్లాంటులో కొత్త యూనిట్ ప్రారంభానికి ఏర్పాట్లు జరుగుతున్నాయి. పెద్దవాళ్లు వస్తారు, కాలనీ రోడ్డు మీదుగానే కార్లన్నీ పోతాయి. రోడ్డు పొడవునా పూలకుండీలు పెట్టాలి, అశోక మొక్కలు నాటాలి. సింధనూరులో ఒక నర్సరీ ఉందని, నేనే స్వయంగా వెళ్లి చూసి లారీకెత్తించి తీసుకురావాలని ఎస్టేటు ఆఫీసరు చెప్పాడు. మొక్కలు తేవడం మామూలుగా స్టోర్సువాళ్ల పని. మంచి మొక్క ఏదో నాకే బాగా తెలుస్తుందని అన్నాడు. సంతోషించాను.

ఆ రోజు పొద్దున మా ఆయన నాకంటే ముందే లేచి పెరుగన్నం కలిపి డబ్బా సర్దారు. ఎప్పుడూ లేనిదేంటండీ అంటే, అంత దూరం పోతున్నావుగా అన్నారు.

సింధనూరు నాకు కొత్త కాదు. చిన్నప్పుడు సినిమాకు, బట్టలకు అక్కడికే వచ్చేవాళ్లం. బస్టాండు వెనక మిల్లుల్లో ఊకను కాల్చి ఆరుబయట పోసేవాళ్లు. నర్సరీలో మొక్కలు ఏరడం గంటలో అయిపోయింది. కాని లారీకి ఏదో కాగితం తక్కువైందని డ్రైవరు ఫోన్ చేయడానికి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక కూడా టీ తాగాలన్నాడు. టైరు చూపించాలన్నాడు. నేను విసుక్కుంటూ పెరుగన్నం తిని లారీ నీడలో కూర్చున్నాను. నన్ను అక్కడ ఆపుతున్నారన్న ఊహ కూడా నాకు రాలేదు.

తిరిగి కాలనీ దారికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. దూరం నుంచే ఆకాశంలో తెల్లగా ఏదో తిరుగుతూ కనిపించింది. పొగగొట్టాల పక్కన అంత తెలుపు నేనెప్పుడూ చూడలేదు. కొంగలన్నీ ఒకేసారి గాల్లో ఉన్నాయి. వాలడం లేదు.

లారీ ఆగకముందే దిగాను.

పాత తుమ్మలు మొండేలుగా నిలబడి ఉన్నాయి. కొమ్మలన్నీ నేల మీద. ఆ కొమ్మల్లో, కొమ్మల కింద, రోడ్డు మీద, మురుగు కాలువలో పిల్లలు. కొన్ని ఇంకా కళ్లు తెరవనివి. కొన్ని రెక్కల్లో ఈకలు మొలిచి, ఇంకో రెండు వారాలుంటే ఎగిరిపోయేవి. ముళ్లకు గుచ్చుకుని వేలాడుతున్నవి ఉన్నాయి. భయపడితే అవి మింగిన చేపను కక్కేస్తాయి. అందుకని ప్రతి పిల్ల ముందూ ఒక చేప ఉంది. నా నీడ మీద పడగానే నోళ్లు తెరిచాయి. తల్లి అనుకున్నాయి. నా వెనకే కుక్క వచ్చింది. దానికీ నోళ్లు తెరిచాయి.

ఆ కుక్కను రాయి పెట్టి కొట్టాను. కాలనీ కుక్కలన్నీ అక్కడే ఉన్నాయి. ఎన్నింటిని కొడతాను? కాకులు మరో పక్క మొదలుపెట్టాయి. అవి ముందు కళ్లు పొడుస్తాయి.

మేస్త్రమ్మ గొడ్డలి పక్కన పెట్టుకుని తుమ్మ మొద్దు మీద కూర్చుని ఉంది. ఆమె ఆడవాళ్లు ఈకలొచ్చిన పిల్లల్ని ఏరి గోనెసంచుల్లో వేసుకుంటున్నారు. సంచులు కదులుతున్నాయి.

“ఎవరు కొట్టమన్నారు?” అన్నాను.

“నీ ఆఫీసరే. నువ్వు ఊర్ల లేని దినం చూసి కొట్టమన్నడు.”

“పిల్లలున్నాయని నీకు తెలియదా?”

“తెలుసు. రోజు చూస్తనే ఉన్న కదా. మీరు కొట్టకుంటె వేరే గ్యాంగును పిలుస్తమన్నరు. అప్పుడు నా ఎంబడి వచ్చినోళ్లు ఏం తినాలె?”

“ఈ సంచులేంటి?”

“ఊర్ల ఇయ్యాలనుకుంటున్న. శ్రావణం అని ఇంట్ల వండనియ్యరు. బయటనే కాల్చుకుంటరు. కుక్కలకు పోయేకంటె మనుషులకు పోతే మేలే కద బిడ్డా.” ఆమె గొంతులో పొగరు లేదు, తప్పు చేసినట్టూ లేదు. “నాకు నీ మీద కోపం లేదు. నువ్వు కూడ నా మీద పెట్టుకోకు.”

మొక్కల కోసం తెచ్చిన ఖాళీ ట్రేలు లారీలో ఉంటే దించి, బతికున్నవాటిని ఏరడం మొదలుపెట్టాను. చేతులన్నీ ముళ్లు గీసుకుపోయాయి. వీధిలో తలుపుల దగ్గర జనం నిలబడి చూస్తున్నారు. ఎవరూ రాలేదు. వదిన మాత్రం వచ్చి నా పక్కన కూర్చుంది. సాయం చేస్తుందనుకున్నాను.

“పోన్లే వదినా. ఒక్క రోజు కష్టం. రేపటి నుంచి హాయిగా బట్టలారేసుకోవచ్చు,” అంది. నా వీపు నిమిరి లేచి వెళ్లింది.

ట్రేలను నర్సరీ షెడ్డులో పెట్టి ఇంటికి వెళ్లాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి కూర్చున్నారు. నా చేతులు చూశారు.

“మీకు ముందే తెలుసు,” అన్నాను.

“మొన్న తెలిసింది.”

“ఎందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వెళ్లి చెట్ల కింద కూర్చునేదానివి. అందరూ నన్ను వేలెత్తి చూపేవాళ్లు.” తల తుడుచుకుంటూ అన్నారు. “బూడిద విభాగం నుంచి లోపలికి మార్చమని అడుగుతున్నానుగా. మొన్న ఎస్టేటు ఆఫీసరే మావాళ్లతో మాట్లాడాడు. వచ్చే నెల నుంచి నాకు టర్బైన్ హాలు. నువ్వు సంతోషిస్తావనుకున్నాను.”

ఆయన దగ్గు సంగతి నాకు తెలుసు. బూడిదలోంచి బయటపడాలని ఆయన ఎంత తిరిగారో కూడా తెలుసు. అయినా ఆ సంతోషం నా మొహంలోకి రాలేదు. పెరుగన్నం డబ్బా కడగకుండానే వంటింటి గట్టు మీద పెట్టి, మళ్లీ షెడ్డుకు వెళ్లిపోయాను.

నది ఒడ్డున వల వేసేవాళ్ల దగ్గర చిన్న చేపలు తెచ్చి పిల్లలకు పెట్టాను. కొంగపిల్లలు కొన్ని మింగాయి. నీటికాకి పిల్లలతోనే కష్టం. అవి తల్లి గొంతులోకి తల దూర్చి తింటాయి. చేప చూపిస్తే చూసేవి కావు. నా గుప్పిట్లోకి తల దూర్చేవి. అక్కడేమీ లేకపోతే ఇంకా లోపలికి తోసేవి. మొదట చచ్చినవి అవే. తలలు ట్రే మూలల్లోకి దూర్చి చచ్చిపోయి ఉండేవి. పెద్ద పక్షులేమో గొంతు నిండా చేపలతో వచ్చి, చెట్టు ఉన్నచోట గాల్లో తిరిగి తిరిగి, చివరికి మా దాబాల మీద వాలేవి. మోసుకొచ్చిన చేపలు అక్కడే కక్కేవి. కొమ్మలున్నప్పుడు వచ్చిన వాసన ఆ వారం వచ్చినదాని ముందు ఏపాటి?

ఆ శుక్రవారమే వరలక్ష్మీ వ్రతం. వదిన పేరంటానికి పిలిచింది. వెళ్లకూడదనుకున్నాను. కాని మా ఇంట్లో మా ఆయన నా వైపు చూసే చూపు భరించలేక వెళ్లాను. పదిహేను మంది దాకా ఆడవాళ్లు పట్టుచీరల్లో కూర్చుని ఉన్నారు. కిటికీలు మూసి, సాంబ్రాణి దట్టంగా వేశారు. నేను కూర్చోగానే నా రెండు పక్కలవాళ్లూ కొంచెం కొంచెంగా జరిగారు. ఎంత రుద్దినా నా చేతుల చేప వాసన పోలేదు. వదిన నా పాదాలకు పసుపు రాసి, వాయనం కొంగులో పెడుతూ చెవి దగ్గర మెల్లగా, “తలంటుకుని రావాల్సింది వదినా,” అంది. పైన దాబా మీద ఏదో పడిన చప్పుడు వినిపించింది. అందరూ పైకి చూసి, మళ్లీ పాట అందుకున్నారు.

షెడ్డులో ఈకలు బాగా వచ్చిన కొంగపిల్లలు కొన్ని నిలదొక్కుకున్నాయి. నిలబడి రెక్కలాడించేవి. నన్ను చూడగానే ట్రేల అంచులెక్కేవి. అవి బతుకుతాయని నాకు నమ్మకం కుదిరిన రోజున ఎస్టేటు ఆఫీసరు షెడ్డుకు వచ్చాడు. ముక్కుకు కర్చీఫు పెట్టుకుని కూడా మర్యాదగానే మాట్లాడాడు.

“బాగ చేసినవమ్మా. కాని పూలకుండీలు పెట్టేందుకు షెడ్డు ఖాళీ కావాలె. వీటిని నది ఒడ్డున వదిలేయిస్త. అక్కడ తల్లులుంటయి కద.”

“ఇంకా ఎగరలేవు సార్. ఇంకొక్క వారం.”

“వారంల ప్రోగ్రామ్ ఉంది.”

ట్రాక్టరు వచ్చింది. నేను సర్దుతుండగానే డ్రైవరు ట్రేలు తీసి పిల్లల్ని ట్రాలీలో కుమ్మరించాడు. చచ్చినవాటి కుప్ప ముందే ఉంది, దాని మీదే వీటినీ వేశాడు. నేనూ ఎక్కుతానంటే జాగా లేదన్నాడు. సైకిలు తీసుకుని వెనకే వెళ్లాను. నదికి పోవాలంటే గేటు దాటి కుడివైపు తిరగాలి. ట్రాక్టరు ఎడమకు తిరిగింది.

బూడిద చెరువు గట్టు మీద గొట్టంలోంచి బూడిద పడేచోట ట్రాలీని వెనక్కి నిలిపి లేపాడు. పిల్లలు జారి బూడిద బురదలో పడ్డాయి. చచ్చినవి వెంటనే మునిగాయి. బతికినవి కాసేపు పైనే ఉన్నాయి. రెక్కలు కొట్టుకున్నకొద్దీ బూడిద పట్టి తెల్లటివి కాస్తా బురదరంగుకు తిరిగాయి. గొట్టంలోంచి కొత్త బూడిద వస్తూనే ఉంది. గట్టు దిగబోయాను. మోకాలి దాకా దిగబడింది. డ్రైవరు నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు. “నువ్వు కూడ పోతవేమమ్మా,” అన్నాడు. గట్టు మీద కూర్చుని, కదలడం ఆగేదాకా చూశాను. చూడకుండా వెళ్లిపోవచ్చు. వెళ్లలేకపోయాను.

ప్రారంభం బాగా జరిగిందన్నారు. కార్లు పోయిన రోడ్డు పక్కన అశోక మొక్కలు, మొండేల ముందు పూలకుండీలు. పెద్దవాళ్ల కళ్లకు తోపు లోపలివైపు చిందరవందరగా కనిపించకూడదని పొదలన్నీ నరికించి, ఆకు ఊడ్పించి తగలబెట్టించారు. చిలకలున్న మోడు కూడా ఆ మంటలోనే పోయింది. చెరువు అంచున రేగు, బలుసు పోయాయి. ఆ నరికే పని కూడా మేస్త్రమ్మ గ్యాంగుకే ఇచ్చారు. నేను పక్కన నిలబడి చేయించాను. కాంట్రాక్టు అంటే అదే.

పాత తుమ్మలు చిగురించలేదు. వేసవి వచ్చింది. మొదటి పడమటి గాలికే బూడిద అడ్డూ అదుపూ లేకుండా వీధిలోకి వచ్చిపడింది. మళ్లీ పగటిపూట లైట్లు. నీళ్లబిందెల మీద తెట్టు. అశోక మొక్కలు నాటినచోటే మాడిపోయాయి. ఆ గాలుల్లోనే వదిన కూతురికి ఆయాసం పట్టుకుంది. డాక్టరు బూడిదకు దూరంగా ఉంచమన్నాడట. బూడిదకు దూరంగా ఆ కాలనీలో ఎక్కడుంచుతారు?

ఒక మధ్యాహ్నం వదిన పాపను భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చింది. పాప ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. కొంగు తడిపి దాని మొహం మీద కప్పింది.

“వదినా, నీకు తెలుసుగా ఈ చెట్ల సంగతి. ఆఫీసులో చెప్పి ఏదో ఒకటి నాటించవా? తొందరగా పెరిగేవి ఏవైనా,” అంది.

నేను బియ్యం ఏరుతున్నాను. తల ఎత్తలేదు.

“ఇప్పుడు హాయిగా ఉందిగా వదినా. తలుపులన్నీ తెరుచుకుని బట్టలారేసుకోండి,” అన్నాను.

ఆమె పాపను రెండో భుజానికి మార్చుకుంది. నా కడుపు పోయినప్పుడు నాకు తల దువ్విన మనిషని నాకు గుర్తుంది. ఆ క్షణాన కూడా గుర్తుంది. ఆమె మొహం మారడం చూసి నాకు తృప్తి కలిగింది. ఆ తృప్తి ఇప్పటికీ చెడిపోలేదు. తరవాత వాళ్లు బదిలీ చేయించుకుని వెళ్లిపోయారు. పాప కోలుకుందని విన్నాను. వెళ్లేటప్పుడు ఆమె అందరిళ్లకూ వచ్చి చెప్పింది, మా ఇంటికి రాలేదు.

మా ఆయన టర్బైన్ హాలుకు మారారు. దగ్గు తగ్గింది. మేం విడిపోలేదు, పోట్లాడుకోనూ లేదు. తరవాత మాకు పిల్లలు పుట్టారు. కాని ప్లాంటులో జరిగే ఏ సంగతీ ఆయన నాకు చెప్పడం, నేను ఆయన్ని అడగడం ఆగిపోయింది. భోజనాల దగ్గర కూరల గురించి మాట్లాడుకునేవాళ్లం.

తోపును మళ్లీ నాటింది నేనే. ఆ ఎస్టేటు ఆఫీసరే చెప్పాడు, అదే మర్యాదతో. నాటాను. తుమ్మ, కానుగ, అంచున రేగు. మేస్త్రమ్మ ఆడవాళ్లే నీళ్లు పోశారు. కొన్నేళ్లకు చెట్లు లేచాయి, బూడిద కొంత తగ్గింది. కొంగలు మాత్రం రాలేదు. సాయంత్రాలు తోపు మీదుగా బారులు బారులుగా పోయేవి. కిందికి దిగేవి కావు.

అవి ఎక్కడికి పోతున్నాయో మేస్త్రమ్మే చెప్పింది.

“మా ఊరి కుంట కాడ తుమ్మలున్నయ్ కద, అండ్ల పెడుతున్నయ్ గూళ్లు. పోరగాళ్లు రాళ్లేస్తరు. ఎవలకన్న ఆశయితె ఒకటి రెండు కొట్టుకొని తింటరు. అయినా పోతలేవు.”

“మీవాళ్లు చెట్లు కొట్టరా?”

“ఎందుకు కొడతరు? ఆ రెట్ట నీళ్లు పొలానికి పెడితె జొన్న మంచిగొస్తది.”

ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లి చూశాను. కుంట చిన్నది, నీళ్లు పచ్చగా ఉన్నాయి. తుమ్మల నిండా గూళ్లు. కింద రెక్క విరిగిన కొంగ ఒకటి తాడుతో కట్టేసి ఉంది, సాయంత్రం వంటకు కాబోలు. దాని పైనే ఇంకో కొంగ పిల్లలకు మేత పెడుతోంది. నేను ఆ తాడు విప్పలేదు. విప్పినా ఆ రెక్కతో అది ఎగరలేదు, ఆ ఊళ్లో నాకెవరూ జవాబుదారీ కాదు. అక్కడ ఒకటి రెండే చంపుతున్నారు. కాసేపు నిలబడి తిరుగు బస్సు పట్టుకున్నాను.

కొత్తగా వచ్చిన తోటల ఆఫీసరు కుర్రవాడు, చదువుకున్నవాడు. పర్యావరణం చూడటానికి పైనుంచి ఎవరో వస్తున్నారని, తోపు ముందు ‘పక్షుల వనం’ అని పెద్ద బోర్డు పెట్టించాడు. దాని మీద కొంగ బొమ్మ వేయించాడు. ఏయే పక్షులుండేవో పేర్లు చెప్పమంటే చెప్పాను. నీటికాకి అన్నచోట పెయింటరు నీటికోడి అని రాశాడు. నేను దిద్దించలేదు.

“మేడమ్, అవి ఇప్పుడెక్కడ గూళ్లు పెడుతున్నాయో తెలిస్తే బాగుండేది. అక్కడి నుంచి ఇటు ఆకర్షించే పద్ధతులున్నాయట. మీకేమైనా తెలుసా?” అని అడిగాడు.

“తెలియదు సార్,” అన్నాను.

అతను ఇంకోసారి అడిగాడు. ఇంకోసారీ అదే చెప్పి, ట్యాంకరు వచ్చిందేమో చూడటానికి వెళ్లాను.